కొబ్బరికాయ నిలబడింది సరే... నీళ్లు పడతాయా?

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మామూలుగా వచ్చేవి గుడ్ మార్నింగులు, పెళ్లి కార్డులు. పోయిన వేసవిలో మాత్రం ఒక వీడియో వచ్చింది. మామిడి తోట. మధ్యలో తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన. ఆయన అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టిన కొబ్బరికాయ. నెమ్మదిగా నడుస్తున్నాడు. ఒక చెట్టు దాటాడు, రెండు చెట్లు దాటాడు. ఉన్నట్టుండి కాయ లేచి నిటారుగా నిలబడింది! వెనక నుంచి మా బాబాయి గొంతు: "అదీ! అక్కడే! ముగ్గు పొయ్యండ్రా!"

బాబాయికి ఆగిరిపల్లి దగ్గర ఆరెకరాల మామిడి తోట ఉంది. పాత బోరు ఆ ఎండలకి చేతులెత్తేసింది. రెండోది వేయిస్తే నాలుగొందల అడుగులు దిగినా దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. బండికీ కేసింగుకీ కలిపి లక్షన్నర మట్టిలో కలిసింది. ఇప్పుడు అప్పు చేసి మూడోది. దానికి పాయింటు పెట్టడానికే ఈ కొబ్బరికాయ.

వీడియో చూసి ఫోన్ చేశా. నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"ఏరా, నువ్వు ఫిజిక్స్ చదివావుగా. దీని వెనక ఏదో మాగ్నెటిక్ ఫీల్డ్ ఉందంట. ఓ పాజిటివ్ బ్లడ్ ఉన్నోళ్లకే పనిచేస్తదంట. పెద్దపెద్ద సైంటిస్టులే ఒప్పుకున్నారంట. నిజమేనా? ఆదివారం బండి వస్తది. ఈలోపు తేల్చి చెప్పు."

ఓ పాజిటివ్ అంటే మన దగ్గర దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉండే గ్రూపు. ఆ లెక్కన మా అపార్ట్‌మెంట్‌లోనే నలభై మంది నీళ్లు చూసేవాళ్లు ఉండాలి. ఆ మాట అని నవ్వేసి వదిలేద్దామనుకున్నా. కానీ లక్షన్నర పోయిన మనిషి దగ్గర జోకులు బాగోవు. "నాలుగు రోజులు ఆగు బాబాయ్, చదివి చెప్తా" అన్నా.

నేను వెతికింది బోరు గురించి. దొరికింది మాత్రం భౌతికశాస్త్రం, అతీంద్రియ శక్తులు ఒకదాని వెంట ఒకటి పడ్డ పెద్ద చరిత్ర. అందులో మన ఆగిరిపల్లి పేరు కూడా ఉంది!

కాలువ దాటితే కథ మారుతుంది

ముందు నేల సంగతి. విజయవాడలో పెరిగినవాళ్లకి నీళ్ల విలువ తెలియదని బాబాయి ఎప్పుడూ దెప్పుతుంటాడు. నిజమే. ఊరి మధ్యలోంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతుంటాయి. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కింద డెల్టా అంతా ఆ నీళ్లే.

అదే ఉత్తరంగా నూజివీడు వైపు వెళ్లండి. నేల ఎత్తు పెరుగుతుంది, వరి పోయి మామిడి వస్తుంది. మెట్ట. అక్కడ చాలామందికి బోరే దిక్కు. రాతినేలలో నీళ్లు చెరువులా ఒకేచోట ఉండవు. పైన కుళ్లిన రాతి పొరలో, కింద గట్టి రాతి పగుళ్లలో దాక్కుని ఉంటాయి. ఒక బోరు పగులుకు తగిలితే రెండంగుళాల నీళ్లు. పది గజాల అవతల వేస్తే దుమ్ము. ఇంత అనిశ్చితి ఉన్నచోట మనిషి ఏదో ఒక ఆసరా వెతుక్కుంటాడు. అది కొబ్బరికాయ కావచ్చు, పంగల వేప పుల్ల కావచ్చు.

ఆ పుల్ల మన దగ్గరే కాదు, యూరప్ రైతుల చేతుల్లో కూడా శతాబ్దాలుగా ఉంది. దాన్ని ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పరిశోధించాడు. పేరు విలియం బారెట్. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పేవాడు. 1882లో లండన్‌లో మొదలైన సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ పుట్టుకకు ముఖ్య కారకుల్లో ఆయనొకడు. దెయ్యాలు, ఆత్మలు, ఒకరి మనసులో మాట ఇంకొకరికి తెలియడం... వీటన్నిటినీ నమ్మకంగా కాకుండా శాస్త్రంగా పరీక్షిద్దామన్నది ఆ సంఘం ఉద్దేశం.

అందులో ఉన్నవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. థాలియం అనే మూలకాన్ని కనిపెట్టిన విలియం క్రూక్స్ ఆ సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు. రేడియో తొలిరోజుల్లో పెద్ద పేరైన ఆలివర్ లాడ్జ్ చేశాడు. 1904లో నోబెల్ తీసుకున్న లార్డ్ రేలీ కూడా చేశాడు. అటు పారిస్‌లో పియరీ, మేరీ క్యూరీ దంపతులు యుసాపియా పల్లడినో అనే ఆవిడ పెట్టే ఆత్మల సభలకు వెళ్లి కూర్చున్నారు. అవును, మన టెక్స్ట్‌బుక్‌లో ఉన్న ఆ క్యూరీలే!

ఇంత తెలివైనవాళ్లకి ఇదేం పిచ్చి అనిపిస్తుంది కదా? ఒక్కసారి వాళ్ల కాలంలో నిలబడి చూడండి. 1880ల చివర్లో హెర్ట్జ్ కంటికి కనపడని తరంగాలను పట్టుకున్నాడు. 1895లో ఎక్స్‌రేలు వచ్చాయి, ఒంట్లో ఎముక కనపడింది. మర్నాడే అన్నట్టు 1896లో రేడియోధార్మికత. తీగ లేకుండా కబురు ఊరు దాటుతోంది. అలాంటప్పుడు ఒక మెదడు నుంచి ఇంకో మెదడుకి కబురు ఎందుకు పోకూడదు? ఆనాటికి అది మూఢత్వం కాదు, న్యాయమైన ప్రశ్నే.

ఆ గాలి మన కాలువల దాకా కూడా వచ్చింది. లండన్‌లో ఆ సంఘం పెట్టిన 1882లోనే, మే నెలలో, దివ్యజ్ఞాన సమాజం స్థాపకులు మేడమ్ బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవెక్కి నెల్లూరు మీదుగా గుంటూరు వైపు వచ్చారు. వాళ్ల ముఖ్య మిత్రుల్లో ఒకరు కాకినాడలో పుట్టిన తెలుగు లాయరు తల్లాప్రగడ సుబ్బారావు. బ్లావట్‌స్కీ చుట్టూ జరిగే అద్భుతాలు నిజమేనా అని తేల్చడానికి లండన్ సంఘం 1884 చివర్లో రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుణ్ని అడయారు పంపింది. అన్నీ మోసాలేనని ఆయన 1885లో రిపోర్టు ఇచ్చాడు. వందేళ్ల తర్వాత 1986లో అదే సంఘం పత్రికలో, హాడ్జ్‌సన్ దర్యాప్తు కూడా సరిగ్గా లేదంటూ ఇంకొకరు రాశారు. పరీక్షించేవాణ్ని కూడా పరీక్షించాలన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

కాయను ఎవరు లేపారు?

బారెట్ పుల్ల పట్టుకుని నీళ్లు చూసేవాళ్ల అనుభవాలు కుప్పలుగా పోగేసి 1897లో, 1900లో రెండు పెద్ద రిపోర్టులు రాశాడు. ఆయన నమ్మకస్తుడే. నీళ్లు చూసేవాళ్లలో ఏదో తెలియని శక్తి ఉందనే తేల్చాడు. కానీ అదే బారెట్ ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాడు. పుల్లను కదిపేది కరెంటూ కాదు, అయస్కాంతమూ కాదు, మనిషి చేతి కండరాలే అని. అంటే బాబాయి చెప్పిన మాగ్నెటిక్ ఫీల్డ్‌ని, ఈ విద్యను నమ్మిన ఫిజిక్స్ ప్రొఫెసరే నూట పాతికేళ్ల కిందట కొట్టిపారేశాడు.

కండరాల సంగతి ఆయనకంటే ముందు మైకేల్ ఫారడే తేల్చాడు. మోటారుకి, జనరేటరుకి మూలమైన ఫారడేనే. 1853లో ఇంగ్లండ్ అంతా బల్లల పిచ్చి పట్టింది. నలుగురు చుట్టూ కూర్చుని చేతులు పెడితే బల్ల దానంతటదే తిరుగుతుంది, ఆత్మలు తిప్పుతున్నాయి అని. మన హాస్టళ్లలో అర్ధరాత్రి చేసే కాయిన్ ఆటకి ఇది తాతమ్మ లాంటిది.

ఫారడే వాళ్లని వెక్కిరించలేదు. చిన్న ఏర్పాటు చేశాడు. అట్టముక్కల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో మెత్తటి జిగురు ఉండలు ఉంచాడు. అట్టలు కొద్దిగా జరగగలవు. కింది అట్ట బల్లకు అంటుకుని ఉంటుంది, పై అట్ట మీద చేతులు ఉంటాయి. ఇప్పుడు ఆలోచించండి. బల్లే ముందు కదిలి చేతుల్ని లాగితే కింది అట్టలు ముందుకు పోయి పైవి వెనకపడాలి. చేతులే ముందు కదిలి బల్లను తోస్తే పై అట్టలు ముందుకు జరగాలి.

పై అట్టలే ముందుకు జరిగాయి.

ఇంకో మెట్టు ఎక్కాడు. చేయి పక్కకి తోస్తే పుల్ల వాలి చూపించేలా ఒక ముల్లు బిగించి, అది కూర్చున్నవాళ్లకి కనపడేలా పెట్టాడు. తమ చెయ్యి తోస్తోందని కళ్లముందు కనపడగానే బల్ల తిరగడం ఆగిపోయింది! వాళ్లు దొంగలు కారు. నిజంగానే తాము తోయడం లేదనుకున్నారు. ఎదురుచూపే చేతిలోకి దిగి, మనకి తెలియకుండానే కండరాన్ని కదిలిస్తుంది.

కొబ్బరికాయకి వద్దాం. అరచేతిలో కాయ నిలకడగా ఉండదు. లోపల నీళ్లు ఊగుతుంటాయి. వేలు పిసరంత వంగినా, అరచెయ్యి రవ్వంత వాలినా చాలు. పంగల పుల్ల కూడా అంతే. రెండు కొమ్మల్ని విల్లులా వంచి బిగపట్టుకుంటారు కాబట్టి మణికట్టు కొద్దిగా తిరిగినా కొస గట్టిగా ఎగురుతుంది. చిన్న కదలికని పెద్దదిగా చూపించే సాధనాలు ఇవి. అందుకే శతాబ్దాలుగా అవే వాడుతున్నారు.

"కానీ నీళ్లు పడ్డాయి కదా!"

ఇక్కడే అందరూ ఆగి ఒక ప్రశ్న వేస్తారు. చెయ్యే కదిపిందనుకుందాం. కానీ ఆ చెయ్యికి నీళ్ల సంగతి తెలుసేమో? మా పక్క తోటలో ఆయన చెప్పినచోటే పడ్డాయిగా?

మంచి ప్రశ్న. దీనికి సమాధానం కాయలో లేదు, లెక్కలో ఉంది. అదృష్టం ఎంత చేయగలదో ముందు తెలియాలి.

అమెరికాలో జె.బి. రైన్ అనే శాస్త్రవేత్త అతీంద్రియ శక్తిని కొలవడానికి 25 కార్డుల కట్ట వాడేవాడు. ఐదు గుర్తులు, ఒక్కోటి ఐదేసి కార్డులు. మూసిన కార్డు మీద ఏ గుర్తు ఉందో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున 5 కరెక్ట్ అవుతాయి. మరి 10 కరెక్ట్ చెప్పినవాడికి శక్తి ఉన్నట్టేనా? లెక్క వేస్తే, వట్టి అదృష్టం మీద 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడానికి అవకాశం నూటికి రెండు కంటే కొంచెం తక్కువ. అంటే 60 మంది ఉన్న క్లాసులో సగటున ఒకడికి వస్తుంది. మర్నాటి నుంచి క్లాసంతా వాడి వెంట పడుతుంది. మిగతా 59 మందిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పక్క తోటలో పడ్డ బోరు గుర్తుంటుంది. పడని బోర్ల గురించి ఎవరూ వీడియో పెట్టరు.

ఈ రైన్ దగ్గర మన తెలుగువాడు ఒకాయన పనిచేశారు. ఆచార్య కోనేరు రామకృష్ణారావు. 1967లో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం ఆయన పూనికతోనే మొదలైంది. తర్వాత అదే యూనివర్సిటీకి వీసీ అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆ రంగంలోకీ ఫిజిక్స్ మళ్లీ వచ్చింది. హెల్మట్ ష్మిట్ అనే భౌతికశాస్త్రవేత్త, స్ట్రాన్షియం-90 రేడియోధార్మిక క్షీణత ఆధారంగా లైట్లు వెలిగే యంత్రం చేశాడు. ఏ లైటు వెలుగుతుందో ప్రకృతికే తెలియదు, మనిషి చెప్పగలడా అని పరీక్ష. ఐడియా బాగుంది. కానీ 1974లో అదే రైన్ సంస్థలో డైరెక్టరుగా ఉన్న వాల్టర్ లెవీ యంత్రంతో ఆటలాడి ఫలితాలు పెంచుతున్నాడని సొంత సహోద్యోగులే కాపుకాసి పట్టుకున్నారు. రైన్ దాన్ని దాచిపెట్టలేదు, బయటపెట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ సంస్థ పగ్గాలు రామకృష్ణారావు చేతికొచ్చాయి. యంత్రం ఎంత గొప్పదైనా, దాని పక్కన నిలబడ్డ మనిషిని ఎవరు చూస్తున్నారన్నదే అసలు విషయం.

నీళ్లు చూసేవాళ్ల మీద పెద్ద పరీక్ష ఒకటి జర్మనీలో జరిగింది. 1980ల చివర్లో మ్యూనిక్‌లో, ప్రభుత్వ డబ్బుతో, భౌతికశాస్త్రవేత్త హాన్స్-డీటర్ బెట్జ్ వంటివాళ్లు చేశారు. రెండంతస్తుల కొట్టం. కింద అంతస్తులో నీళ్ల పైపు, దాన్ని బండి మీద ఇటూ అటూ జరుపుతారు. పైన నడిచే మనిషి పైపు ఎక్కడుందో చెప్పాలి. సుమారు 500 మందిలోంచి మేటి అనుకున్న 43 మందిని ఎంచి 843 సార్లు పరీక్షించారు. ఎక్కువమందికి ఏమీ రాలేదు, కానీ కొద్దిమందిలో మాత్రం నిజంగా శక్తి ఉందని పరిశోధకులు ప్రకటించారు. "సైంటిస్టులే ఒప్పుకున్నారు" అన్న మాటకి ఒక మూలం ఇదే కావచ్చు. తర్వాత జేమ్స్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త వాళ్ల అంకెలనే తీసుకుని మళ్లీ లెక్కకట్టాడు. ఆ కొద్దిమంది కూడా ఒకసారి కరెక్టుగా చెప్పింది ఇంకోసారి చెప్పలేకపోయారు. మొత్తం కలిపి చూస్తే అదృష్టాన్ని దాటింది ఏమీ లేదు. మన క్లాసులో పది చెప్పినవాడి కథే.

ఒకే ఊరు, ఇద్దరు ఫిజిక్స్ మాస్టార్లు

ఇప్పుడు ఆగిరిపల్లి. సూరి భగవంతం గారు 1909లో ఇక్కడే పుట్టారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో చిన్న వయసులోనే ప్రొఫెసర్ అయ్యారు. ఉస్మానియాకి వీసీ, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టర్, 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. మెట్ట నేల నుంచి అంత ఎత్తుకి వెళ్లిన మనిషి. బాబాయి తోట ఉన్న ఊరి పక్కనే పుట్టాడంటే నాకే ఛాతీ పొంగింది.

ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తుడు కూడా. బాబా తెలుగు ప్రసంగాలను వేదిక మీదే ఇంగ్లీషులోకి చెప్పేవారు. చిత్రావతి ఒడ్డున బాబా తన చేతుల్లో ఇసుక పోస్తే అది భగవద్గీత పుస్తకమైందని చెప్పారు. ఇంకో కథ కూడా ఆయన చెప్పిందిగా అప్పట్లో బాగా తిరిగింది. జపాన్‌లో ఇనప్పెట్టెలో ఉన్న సీకో వాచీని బాబా ఆ కంపెనీ పెద్ద ఎదుటే గాల్లోంచి తీసిచ్చారన్నది. హేతువాది అబ్రహాం కోవూర్ నేరుగా సీకోకి ఉత్తరం రాస్తే, అసలు ఆ బాబాతో మాకు పరిచయమే లేదని జవాబు వచ్చింది.

అదే బెంగళూరులో ఇంకో ఫిజిక్స్ మాస్టారు ఉండేవారు. హెచ్. నరసింహయ్య. హిందూపురం పక్కనే ఉన్న గౌరీబిదనూరు ప్రాంతం. అమెరికాలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసొచ్చి, బెంగళూరు యూనివర్సిటీకి వీసీ అయ్యారు. 1976లో అద్భుతాలను పరిశీలించడానికి యూనివర్సిటీలో ఒక కమిటీ వేశారు. మేం పెట్టిన షరతుల మధ్య చేసి చూపించండి అని సాయిబాబాకి ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. పెద్ద దుమారం రేగింది, కమిటీ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇక్కడ భక్తి గురించి నేను మాట్లాడటం లేదు. అనంతపురం జిల్లాలో ఆ ట్రస్టు తెచ్చిన తాగునీళ్లు తాగినవాళ్లని నమ్మకం ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఇద్దరూ ఫిజిక్స్ చదివినవాళ్లే, ఇద్దరూ నిజాయితీపరులే. మరి తేడా ఏంటి? భగవంతం గారు చూసింది చెప్పారు. నరసింహయ్య గారు ఎలా చూడాలో అడిగారు.

క్రూక్స్ ఎక్కడ పడ్డాడో చూడండి. 1874లో ఫ్లోరెన్స్ కుక్ అనే అమ్మాయి ఆత్మను రప్పిస్తోందని తన పేరు పణంగా పెట్టి రాశాడు. 1880లో ఇంకో సభలో ఒకాయన ఆత్మను గట్టిగా పట్టుకుంటే చేతికి దొరికింది ఫ్లోరెన్సే! బారెట్ తొలిరోజుల్లో నమ్మిన క్రీరీ అక్కచెల్లెళ్లు మనసులో మాట చదవడం లేదు, ఒకరికొకరు సైగలు చేసుకుంటున్నారని కొన్నేళ్లకు దొరికిపోయారు. ఫిజిక్స్ ల్యాబులో ఎలక్ట్రాన్ అబద్ధం చెప్పదు. మనల్ని మెప్పించాలని చూడదు. జీవితమంతా అలాంటి ప్రకృతితో మెలిగినవాడికి మోసం పట్టుకునే అలవాటు ఉండదు. పైగా "నేనింత చదువుకున్నా, నన్నెవరు మోసం చేస్తారు" అన్న ధీమా ఒకటి.

ఇంకొన్నిసార్లు అది దుఃఖం. క్రూక్స్ ఆత్మల వైపు చూసింది తమ్ముడు చిన్నవయసులో పోయాక. లాడ్జ్ కొడుకు రేమండ్ 1915లో యుద్ధంలో చనిపోయాడు. మరుసటి ఏడాదే కొడుకు ఆత్మతో మాట్లాడానంటూ లాడ్జ్ పుస్తకం వేశాడు. చదువుతుంటే వాదించాలనిపించదు. కన్నతండ్రి కదా అనిపిస్తుంది. మనకి బాగా కావాల్సిన జవాబు ఉన్నచోటే మన చెయ్యి మనకి తెలియకుండా తోస్తుంది. బల్లనైనా, పుల్లనైనా.

ఆదివారం తోటలో

బండిని ఒక వారం ఆపించి నేనే ఆగిరిపల్లి వెళ్లా. కాయ పట్టే పెద్దాయన కూడా వచ్చాడు. డబ్బు కోసం అబద్ధమాడే మనిషిలా లేడు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట.

"తాతా, ఏమనుకోకండి, ఒక చిన్న పరీక్ష చేద్దామా?" అన్నా.

"నాకేం భయం బాబూ. చెయ్యండి" అన్నాడు.

మొదటిసారి మామూలుగా నడిచాడు. మూడుచోట్ల కాయ లేచింది. టేపుతో కొలిచి రాసుకుని, ముగ్గు చెరిపేసి ఆకులు కప్పాం. అప్పుడు ఆయన కళ్లకు తువ్వాలు కట్టి, నాలుగు చుట్లు తిప్పి, మొదటిసారి అక్కడ లేని మా తమ్ముడికి చెయ్యి అందించాం. అదే దారిలో మళ్లీ నడిచాడు. ఈసారి నాలుగుచోట్ల లేచింది. పాత మూడింటిలో ఒక్కటీ కలవలేదు. అన్నిటికన్నా దగ్గరగా పడింది కూడా ఇరవై అడుగుల అవతల.

ఒక్కసారి చేసి తేల్చేశామని నేననను. మ్యూనిక్ లాంటి చోట 843 సార్లు చేశారు. కానీ మూడో బోరుకి అప్పు చేయబోయే మనిషికి ఆ ఇరవై అడుగులు చాలు, ఇంకోసారి ఆలోచించడానికి.

పెద్దాయన తువ్వాలు తీసి ముగ్గు వేసిన చోట్లు చూసుకున్నాడు. మొహం చిన్నబోయింది. "నా చెయ్యి నేను కదపలేదు బాబూ" అన్నాడు.

"తెలుసు తాతా. ఫారడే దగ్గర కూర్చున్నవాళ్లూ అదే అన్నారు" అన్నా. ఫారడే ఎవరో ఆయనకి తెలియదు. కానీ నేను దొంగ అనలేదని మాత్రం అర్థమైంది. టీ తాగే వెళ్లాడు.

తర్వాతి వారం బాబాయి భూగర్భ జలాల సర్వే చేసే జియాలజిస్టుని పిలిపించాడు. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, రెండిటి నుంచి కరెంటు పంపి, మిగతా రెండిటి మధ్య ఓల్టేజీ కొలుస్తారు. నీళ్లు నిండిన పొర కంటే పొడి రాయి కరెంటుని ఎక్కువ అడ్డుకుంటుంది. బంకమట్టి కూడా నీళ్లలాగే మోసం చేయొచ్చు కాబట్టి ఇదీ కొన్నిసార్లు తప్పుతుంది. ఆ మాట ఆయనే ముందు చెప్పాడు. కొలిచి చూసి, ముగ్గు పోసిన చోట్ల పెద్ద ఆశ లేదని, తోట దిగువన ఒకచోట పగుళ్లు ఉండొచ్చని, అయినా గ్యారంటీ ఇవ్వలేనని, ముందు వాన నీళ్లు పట్టే కుంట తవ్వుకోమని చెప్పి వెళ్లాడు.

బాబాయి కుంట తవ్వించాడు. డ్రిప్ పెట్టించాడు. మూడో బోరు సంగతి వానల తర్వాత చూద్దామన్నాడు. మొన్న ఫోన్‌లో అడిగా, ఆ జియాలజిస్టు మీద ఎలా నమ్మకం కుదిరింది బాబాయ్ అని.

"కాయాయన గ్యారంటీ అన్నాడు. ఈయన గ్యారంటీ లేదన్నాడు. పైగా ఎక్కడ తప్పు పోవచ్చో కూడా చెప్పాడు. అలా చెప్పేవాడి మాటే వినాలనిపించిందిరా."

ఈసారి మీ గ్రూపులో "సైంటిస్టులే ఒప్పుకున్నారు" అని ఏదైనా వస్తే, ఏ సైంటిస్టు అని మాత్రమే అడక్కండి. ఎలా చూశారు, కళ్లకు తువ్వాలు కట్టారా, పక్కన ఎవరు నిలబడ్డారు అని కూడా అడగండి.